లారస్‌కొచ్చిన బాణం

"నా పేరు రాయలేదేంటే?" సెకర్‌ని అడిగింది లారస్.

ఎవరి పక్కన కూర్చోవాలనుందో పిల్లలు తలా ఒక పేరు రాసిచ్చిన కాగితాలు చూసి, రెత్నో టీచర్ క్లాసంతటినీ బాణాలతో పటంగా గీసి బల్ల మీద పెట్టింది. అందులో సెకర్ బాణం లారస్ వైపు కాక తియారా వైపు పోయింది.

"నువ్వెలాగూ నా పేరే రాస్తావని తెలుసు కదే. నాది ఊరికే పోగొట్టుకోవడం ఎందుకని తియారాకి రాశా. దాని గుంపులో పడితే చాలు," అంది సెకర్.

"మూడేళ్లుగా ఒకే బెంచీ మనది."

"ఏడవకు. నీకూ ఒకటొచ్చిందిగా, ఎండుచేపల ముర్ని నుంచి." సెకర్ ముక్కు మూసుకుంది.

ముర్ని రాసిచ్చిన కాగితం పటం పక్కనే ఉంది. కారణం కూడా రాసింది: "నేను ఎండుచేప, సంబల్ కారం తెచ్చుకున్న రోజు క్లాసంతా నవ్వింది. లారస్ ఒక్కతే నవ్వలేదు."

లారస్ ఆ కాగితాన్ని బోర్లించింది. ఆ రోజు తను పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వింది.