నేలకి నాడి

హాలు నేల మళ్ళీ తెల్లబడింది.

రాత్రికి రాత్రి ఎవరో పిండి జల్లినట్టు, పాత నల్ల పలకల మీద ఉప్పు పొంగింది. అత్తగారు తడిగుడ్డ పెట్టి తుడిచింది. సాయంత్రానికి రెట్టింపు తేలింది.

"నెలాఖరుకి ఆరకపోతే పగలగొట్టించి కొత్త టైల్స్ వేయిస్తా," అన్నాడు కొడుకు.

"ముందు నన్ను పగలగొట్టు," అంది అత్తగారు.

ఆ పలకల్ని ఆవిడ తల్లి ఏరి ఏరి కొన్నది. వాటి మీద ఎవరైనా కుర్చీ ఈడిస్తేనే ఆవిడ ప్రాణం విలవిల్లాడేది. తల్లీకొడుకుల మధ్య నలగలేక కోడలు టైల్స్ మేస్త్రీకి ఫోన్ చేసింది. రేపో మాపో వస్తానన్నాడు.

మర్నాడు పొద్దున్నే తలుపు చప్పుడైంది. గుమ్మంలో ఓ మనిషి. భుజాన సంచి, చేతిలో పొడుగాటి ఇనుప కడ్డీ.

ఆ ఇంటి సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. ముగ్గురూ మంచివాళ్ళే. కాకపోతే ఎదుటివాడి మాట సగంలో ఉండగానే మిగతా సగం వాళ్ళే చెప్పేస్తారు. వచ్చినవాడికి శ్రమ తగ్గించడం మర్యాద అని వాళ్ళ నమ్మకం.

"అమ్మా, మీ ఇంటి..."

"తెలుసు నాయనా, నీకోసమే కళ్ళు కాయలు కాచాయి. లోపలికి రా."

అతను హాల్లోకి వచ్చి కడ్డీ నేలకి ఆనించాడు. రెండో కొనకి చెవి పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

"నాడి చూస్తున్నాడే," అంది అత్తగారు. "పనిమంతుడు."

"లోపల నీళ్ళు..." అన్నాడతను.

"నేను మొత్తుకుంటూనే ఉన్నా," అందుకుంది కోడలు. "తడిగుడ్డ పెడితే ఉప్పు కరిగి లోపలికి దిగుతుంది, ఆరగానే మళ్ళీ పైకొస్తుంది. పొడి బ్రష్షుతోనే దులపాలి, అంతేగా?"

తల ఊపాడు. ఊపక చస్తాడా. చేతికి బ్రష్షు ఇచ్చారు.

రోజూ వచ్చాడు. రోజూ ఏదో చెప్పబోయాడు. జేబులోంచి కాగితం తీస్తే, "సామాన్ల జాబితా తర్వాత, ముందు కాఫీ తాగు," అన్నారు. అతను నోరు తెరిచినప్పుడల్లా ఇంట్లో ఓ కొత్త నిబంధన పుట్టింది. స్నానాలు పక్కింట్లో. వంట పెరట్లో. తడి జుట్టుతో హాల్లోకి రాకూడదు. అత్తగారికి టీవీ సీరియల్ చూస్తూ ఏడ్చే అలవాటు. కన్నీళ్ళూ ఉప్పునీళ్ళే కదా అని కొడుకు ఆవిణ్ణి వాకిట్లో కూర్చోబెట్టి, కిటికీలోంచి చూసి ఏడవమన్నాడు. నేల కోసం ఆవిడ అదీ భరించింది.

పాపం, అతనికీ ఆ నేల మీద మమకారం పుట్టింది. మోకాళ్ళు పట్టేసినా ఒక్క పలక మీద గీత పడనివ్వలేదు. చెమ్మ మాత్రం తగ్గలేదు సరికదా, మూల పలక నొక్కితే నీళ్ళు ఉబకడం మొదలుపెట్టాయి.

నెలాఖరు వచ్చింది. కొడుకు సుత్తి తెచ్చాడు.

అత్తగారు నేల మధ్యలో చతికిలబడింది. కొడుకు ఆవిడ పక్క పలక మీదికి సుత్తి ఎత్తాడు. ఆవిడ కళ్ళు మూసుకుని పళ్ళు బిగించింది. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొడుకు గురి చూస్తూ ఊపిరి బిగబట్టాడు. ఆ ఇల్లు కట్టాక ముగ్గురూ ఒకేసారి నోరు మూసుకోవడం అదే మొదలు.

"నేను నీళ్ళ ఆఫీసు వాణ్ణమ్మా," అన్నాడతను గబగబా, "మీ నేల కింద మా పాత పైపు కారుతోంది, ఈ కాగితం మీద సంతకం పెడితే వీధిలో వాల్వు కట్టేసి వెళ్ళిపోతాను."