చివరి బెంచీ

మేరి ఇంటి వాకిట్లో ఆనందబాబు చెప్పులు విప్పాడు. మెట్టు మాత్రం ఎక్కలేదు.

హోప్ టౌన్‌కి వచ్చే ఫెర్రీలో కూర్చున్నంతసేపూ చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాడు. మేరిని చూడగానే ఒక్కటీ మిగల్లేదు. ఆమె పీట మీద కూర్చుని చేప పొలుసు గీకుతోంది. పక్కింటి దుర్గ గట్టు మీద కూర్చుని ఏదో చెబుతోంది.

"మేరమ్మా, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను," అన్నాడు.

మేరి తలెత్తలేదు. చెయ్యి మాత్రం ఆగింది.

రెండేళ్ల కిందటి మాట. దుర్గ ఇంట్లో గంగమ్మ పండగ. మేరి అమ్మవారి ప్రసాదం తిన్నదని, తన కళ్లతో చూశానని ఆనందబాబు చర్చిలో అందరి ముందూ చెప్పాడు. తినలేదని మేరి ఏడ్చింది. ఆనందబాబు మాట మీద సంఘం ఇంకో మాట అడగలేదు. ఆమెని ప్రభువు బల్లకి, నెలనెలా చర్చిలో అందరూ పంచుకునే రొట్టెకి, దూరం పెట్టారు.

"ఓహో, ఆ అబద్దం నువ్వేనేటి భయ్యా సెప్పింది!" దుర్గ లేచి నిలబడింది. "నాకు ఆయేళ ఒళ్లు కాలిపోయే జొరం. మా సుట్టాలకి వడ్డించడానికి వొచ్చింది మేరి దీదీ. ఒక్క మెతుకు ముట్టనేదు. నీ కళ్లకి ఏటి కనిపించిందో మరి!"

"ముట్టలేదనే కనిపించింది దుర్గా దీదీ."

"మరెందుకు సెప్పినావు?"

ఆనందబాబు నేల చూశాడు. ఆ ముందు వారం ఆడవాళ్ల కూటంలో మేరి ఒక మాట అంది. ఆనందబాబు గారి ప్రార్థన చాంతాడంత, పలకరింపు చిటికెడంత అని. అందరూ నవ్వారు. ఆ నవ్వు అతని చెవిన పడింది. అంతే కారణం. బయటికి చెబుతుంటే అది ఇంకా చిన్నదైపోయింది.

"అంతేనా!" అంది దుర్గ. "ఈ సంగతి మీ పాస్టరుకి తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ ఊరుకున్నాడా? బలే మనిషి!"



నెలనెలా బల్ల ఆదివారం వచ్చేది. మేరి నీళ్లు దాటి డైరీ ఫార్మ్ చర్చి దాకా రావడం మానలేదు. చివరి బెంచీలో కూర్చునేది. రొట్టె పళ్లెం అందరి దగ్గరికీ వెళ్లేది, ఆమెని దాటిపోయేది. అందరూ కళ్లు మూసుకున్నప్పుడు ఆనందబాబు తెరిచేవాడు. ఆ బెంచీ అతనికి బాగా కనిపించేది. రొట్టె నోట్లో ఇసుకలా ఉండేది.

"నన్ను క్షమించమ్మా."

మేరి చేపని నీళ్లలో వేసింది. "నా మీద చెప్పింది అందరి ముందు," అంది మెల్లగా. "ఒప్పుకోవడం నా వాకిట్లోనా?"

ఆనందబాబు చెప్పులు తొడుక్కున్నాడు.

బల్ల ఆదివారం వచ్చింది. పాట అయిపోయింది. రొట్టె మీద తెల్లబట్ట ఇంకా తియ్యలేదు. ఆనందబాబు లేచి నిలబడ్డాడు.

"మేరమ్మ ప్రసాదం తినలేదు. నేను చూశాను. తిన్నదని పగ పట్టి చెప్పాను. రెండేళ్లు ఆ మాట దిగమింగుకుని ఈ బల్ల దగ్గర కూర్చున్నాను."

సంఘ పెద్ద సురేష్ బాబు అతని చెయ్యి పట్టుకుని లాగాడు. "ఇప్పుడెందుకండీ ఇది? తర్వాత మాట్లాడుకుందాం."

ఆనందబాబు చెయ్యి విడిపించుకున్నాడు. బెంచీల మధ్య నుంచి నడిచి వెనక్కి వెళ్లాడు. ఇరుపక్కలా ఒక్కరూ అతని మొహం చూడలేదు. మేరి కూర్చున్న బెంచీకి ఆ చివర, అంచు మీద కూర్చున్నాడు. మొహం చేతుల్లో దాచుకున్నాడు.

 తెల్లబట్ట తియ్యడానికి ఎవరూ లేవలేదు.

మేరి ముసుగు సరిచేసుకుని లేచింది. అతని ఎదుటికి వచ్చి నిలబడింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. పెదాల మీద మాత్రం నవ్వు. రెండేళ్లలో ఆ చర్చిలో ఆమె నవ్వడం అదే మొదలు.

"లేవండి పాస్టరయ్యగారూ, రెండేళ్ల ఆకలి నాది, ఆ రొట్టె మీ చేత్తోనే విరిచి పెట్టండి," అంది.