చిట్టి అన్నీ చెప్పింది

ఎల్‌కేజీ ఇంటర్వ్యూ సోమవారం. అంతకుముందు వారమంతా రాజలింగం మేడమైపోయాడు.

షిఫ్టు దిగి రాగానే భుజమ్మీది తువ్వాలను పైటలా వేసుకుని, మంచమ్మీద కాలుమీద కాలేసుకుని కూర్చునేవాడు. చిట్టిని ఎదురుగా నిలబెట్టి, పేరేమిటి, నాన్న పేరేమిటి, ఇదేం రంగు అని అడిగేవాడు. చిట్టి నవ్వాపుకుంటూ అన్నీ చెప్పేది. కుమారి పక్కనే కూర్చుని, కూతురి మీంచి చూపు తిప్పకుండా తప్పులు పట్టేది.

"కిందికి జూడకు బిడ్డా. మేడం మొకం జూసి చెప్పాలె. కిందికి జూసుకుంట చెప్తే ఆమెకేం సమజైతది?"

నాలుగేళ్ల పిల్లకు ఇంటర్వ్యూ ఏమిటని అడక్కండి. సూరత్‌లో ఇప్పుడు పాలపళ్లు ఊడకముందే పరీక్షలు మొదలవుతున్నాయి. అందులోనూ వీళ్లుండేది భేస్తాన్‌లో, బట్ట నేసే సాంచాల షెడ్డును ఆనుకున్న ఒంటిగదిలో. రాజలింగం ఆ షెడ్డులోనే సాంచాలు నడుపుతాడు. కుమారి అక్కడే దారం కండెలు చుడుతుంది. ఇద్దరూ పలక పట్టాల్సిన వయసులో ఆ పనిలో పడ్డవాళ్లే. చిట్టిని మాత్రం ఆ పనిలోకి రానివ్వకూడదని కుమారి పంతం. ఆశంతా ఈ ఒక్క సీటు మీదే పెట్టుకుంది.

అంత నెమ్మదైన పిల్ల వాడలోనే లేదని ఇరుగుపొరుగు అన్నప్పుడల్లా కుమారి దిష్టి తీసేది.

సోమవారం ఇద్దరూ పని మానుకున్నారు. చిట్టికి రెండు జడలు వేసి, కొత్త గౌను తొడిగి బడికి తీసుకెళ్లారు.

వాళ్లకంటే ముందు ఒక చీరల కొట్టు సేఠ్ కొడుకు లోపలికి వెళ్లాడు. తలుపు తీసే ఉంది. మేడం ఆవు బొమ్మ చూపిస్తే వాడు కుక్క అన్నాడు. మేడం నవ్వి బుగ్గ గిల్లింది. సీటొచ్చిందని వాళ్లమ్మ బయట అందరికీ చాక్లెట్లు పంచింది.

చిట్టి వంతు వచ్చింది.

మేడం హిందీలో పేరడిగి, పెన్ను పట్టుకుని కాగితం మీదికి వంగింది. చిట్టి చెప్పింది. మేడం తలెత్తి మళ్లీ అడిగింది. చిట్టి మళ్లీ చెప్పింది. ఎర్ర బంతి, పచ్చ ఆకు, ఆవు, ఏనుగు. ఒక్కటీ తప్పలేదు. కుమారికి కడుపు నిండిపోయింది.

మేడం బొమ్మల పుస్తకం మూసేసింది.

"పాప ఏమీ మాట్లాడటం లేదు. ఇంట్లో మాట్లాడుతుందా?"

"పొద్దంత మాట్లాడుతనే ఉంటది. ఇప్పుడు గూడ అన్నీ చెప్పింది గద మేడం!" వచ్చీరాని హిందీలో గట్టిగా అంది కుమారి.

"ఒక్కమాట కూడా చెప్పలేదు. వచ్చే ఏడాది తీసుకురండి."

కుమారి దిగ్గున లేచింది. కోపం వచ్చేసరికి ఆ కాస్త హిందీ ఎటు పోయిందో, తెలుగులోకి దిగింది.

"ఎట్ల చెప్పలే? నా రెండు కండ్లతోని జూసిన! గా సేటు కొడుకు ఆవును కుక్క అంటే సీటిస్తరు. నా బిడ్డ అన్నీ మంచిగ చెప్తే చెప్పలేదంటరా? సాంచాలోళ్ల పిల్లంటే గింత అలుసా?"

మేడం చెయ్యెత్తి మెల్లగా మాట్లాడమంది. కుమారి గొంతు తగ్గలేదు. గుమ్మంలో ఉన్న తల్లులు తమ పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. వాచ్‌మన్ వచ్చి ముగ్గురినీ గేటు బయటికి పంపించాడు. పేదవాడి కోపం పెదవికి చేటని ఊరికే అన్నారా?

రోడ్డు పక్కన కుమారి వెక్కివెక్కి ఏడ్చింది. రాజలింగం ఆమెను ఊరుకోబెట్టలేదు. చిట్టి ముందు గొంతుక్కూర్చుని, గడ్డం పట్టుకుని మళ్లీ మొదటినుంచీ అడిగాడు. పేరు, రంగులు, జంతువులు, అన్నీ.

కుమారి కళ్లు తుడుచుకుని వంగి చూసింది.

"జూసినవా? ఒక్కటన్న తప్పిందా?"

"తప్పలే. గరీబోళ్లకు పుట్టుడే దాని తప్పు" అన్నాడు రాజలింగం.

సాంచాల మోతలో ఏనాడో చెవులు పోగొట్టుకున్న ఆ ఇద్దరి ముందు చిట్టి ఈసారి కూడా అన్నీ సరిగ్గానే చెప్పింది, ఇంట్లో వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేటట్టే, గొంతు లేకుండా, ఉత్త పెదాలు కదిలించి.