పట్టు వదిలే వేళ

"తిండి ఆపేశారా?" అడిగాడు అప్పన్న.

"నిన్న పొద్దున్నే ఆపేం నాన్నా," అంది హన్నా.

2008 వేసవి. తండ్రీకూతుళ్ళు రాజోలు బస్టాండులో విశాఖ బస్సు కోసం కూర్చున్నారు. కేన్సరు కణాలు ఎలా చస్తాయన్నదాని మీద హన్నా విశాఖలో పరిశోధన చేస్తోంది. అప్పన్న ఆరేళ్ళకి మస్కట్ నుంచి వచ్చి వారమైంది. భార్య ముత్యాలుకి కేన్సరని తెలిసిన రోజే సెలవడిగాడు. అక్కడ పనిచేయించుకునే సేఠు పాస్‌పోర్టు ఇవ్వలేదు.

"ఆకలేద్దేమోనమ్మా."

హన్నా చెప్పింది. "కణంలో రెండు ప్రోటీన్లుంటాయి నాన్నా. ఒకటి కణం తనని తాను చంపుకోకుండా ఆపుతుంది. రెండోది, తిండి దొరక్కపోతే లోపలున్న పాత సరుకునే తిని బతకమంటుంది. మామూలప్పుడు మొదటిది రెండోదాన్ని పట్టుకుని కదలనివ్వదు. తిండి ఆగితే ఆ పట్టు వదిలేస్తుంది. కణం తనని తానే తింటూ కొన్నాళ్ళు లాగుతుంది."

"తర్వాత?"

"తినడానికేం మిగలదు. చచ్చిపోతుంది."

"మీ అమ్మా అంతే," అన్నాడు అప్పన్న. "నాకు పనిలేని ఏడాది మీకు అన్నం పెట్టి తను గంజి తాగేది. నాకు తెలీదనుకునేది."

హన్నా మొహం తిప్పుకుంది.

"ఇంకొన్నాళ్ళు ఉంచకూడదా?"

"ఉంచినా అది మనమనుకునే బతుకు కాదు నాన్నా. మేం వేయబోయే కొత్త మందు పనిచేస్తే వేరేవాళ్ళ అమ్మలకైనా పనికొస్తుంది."

"చూడనిస్తారా?"

"గాజులోంచి చూడొచ్చు. ముట్టుకోకూడదు."

హన్నా సెల్లు మోగింది. పరిశోధన చేయించే వాళ్ళ సారు. అప్పన్న తనే అడిగి తీసుకున్నాడు.

"ఆయ్, చెప్పండి సార్. అమ్మాయి అంతా చెప్పిందండి. వేసేయండి. నేనొచ్చి ఒకసారి చూశాక వేయండి, చాలు."

సెల్లు తిరిగిచ్చి, సంచిలోంచి మస్కట్‌లో కొన్న చీర తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇదెందుకు నాన్నా?"

"ఒట్టి చేతుల్తో ఎలా వెళ్ళనమ్మా."

బస్సు వచ్చింది. ఇద్దరూ ఎక్కారు. ఊరి చివర చర్చి దాటుతుంటే అప్పన్న కిటికీలోంచి సమాధుల దొడ్డి వైపు చూశాడు.

ముత్యాలుని నాలుగేళ్ళ కిందట అక్కడే పూడ్చారు. విశాఖలో బతికున్నవి, అప్పట్లో ఆమె ఒంట్లోంచి తీసి గాజుగిన్నెల్లో పెంచుతున్న కణితి కణాలు మాత్రమే.