ఫైనల్ తర్వాత

“అది ఆడపిల్ల పరుగేనా కోచ్ గారూ? ఆ భుజాలేంటి, ఆ గొంతేంటి!”

కండక్టరమ్మ గొంతు స్టేడియం మెట్ల దాకా వినిపిస్తోంది. బస్సు దిగి నేరుగా వచ్చింది, ఇంకా యూనిఫాంలోనే ఉంది. ఆమె కూతురు చిట్టి పరుగుపందెం ఫైనల్లో రెండో స్థానంలో వచ్చింది. గెలిచిన పొడగరి అమ్మాయిని పిల్లలంతా ‘నిచ్చెన’ అంటారు.

“ఊరుకో అమ్మా. తను నాకంటే బాగా పరుగెత్తింది, అంతే,” అంది చిట్టి బూట్లు విప్పుకుంటూ.

“నువ్వు నోర్ముయ్! ఒళ్ళు హూనం చేసుకుంది ఇందుకేనా?”

కోచ్ నుదురు రుద్దుకున్నాడు. “ఫిర్యాదు చెయ్యొచ్చమ్మా. కాకపోతే ఒక్క పిల్లనే వేలెత్తి చూపినట్టు ఉండకూడదని, ఫైనల్లో పరుగెత్తిన అందరికీ పరీక్షలు చేస్తారు.”

“చెయ్యనివ్వండి. మాకేం భయం?”

కొన్నాళ్ళకు క్రీడాసంఘం డాక్టరు రమ్మని కబురు పెట్టింది. ఫిర్యాదు చేసింది తనే కాబట్టి ఫలితం చెబుతారనుకుని వెళ్ళింది కండక్టరమ్మ.

వరండాలో నిచ్చెన తన రిపోర్టు కోసం గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుని ఉంది. ఈమెను చూడగానే లేచి నిలబడింది. “చిట్టి బాగుందా ఆంటీ?”

గొంతు బొంగురుదే. చూపు మాత్రం పసిపిల్లది. కండక్టరమ్మకు మనసు చివుక్కుమంది.

లోపల డాక్టరు నెమ్మదిగా మొదలుపెట్టింది. “ఒకమ్మాయికి పుట్టుకతోనే ఒంట్లో ఒక తేడా ఉందమ్మా. మగవాళ్ళలో ఎక్కువగా ఉండే హార్మోను తనలోనూ ఎక్కువే. పాపం, ఆ సంగతి తనకే తెలీదు.”

“అయితే మోసం చెయ్యలేదన్నమాట.”

“లేదు. కానీ మందులతో దాన్ని తగ్గించుకుంటేనే ఆడపిల్లల పోటీలో పరుగెత్తనిస్తారు. రూలు అది.”

“రోగం లేని పిల్లకు మందులా?”

“మిగతా పిల్లల కష్టం కూడా చూడాలిగా. దీని మీద మాలో మాకే పడటం లేదు.”

కండక్టరమ్మ తలుపు వైపు చూసింది. ఆ కష్టం గురించి గొడవ చేసింది తనే. ఇప్పుడు కళ్ళముందు వరండాలోని పిల్లే కనిపిస్తోంది.

“రూలు సంగతి మీరు తేల్చుకోండి డాక్టరమ్మా. పేరు మాత్రం బయటికి పొక్కనివ్వకండి. నలుగురి నోళ్ళలో పడితే ఆ పిల్ల తలెత్తుకోలేదు.”

“పొక్కనివ్వను. కానీ ఆ పిల్లకు ఎలా చెప్పాలో తెలీడం లేదు.”

“పిల్లకు మీరు చెప్పకండి. ముందు వాళ్ళమ్మను పిలిచి మెల్లగా చెప్పండి. అమ్మ ఒళ్ళో తలపెట్టుకుని వింటే ఎంత మాటైనా తట్టుకుంటుంది.”

“మరి ఆ అమ్మ తట్టుకోగలదా?”

“తట్టుకోకేం చేస్తుంది? కన్నతల్లి కదా!”

డాక్టరు లేచి తలుపు దగ్గరికి వేసి, వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

“అందుకే మిమ్మల్ని పిలిచానమ్మా.”