క్లీనర్ సైడ్

"సారూ, లారీ ముందట మనిషి ఎట్లుంటే డ్రైవర్‌కు కనబడడు?"

హన్మాండ్లు చేతిలో చాయ్ గ్లాసు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ముప్ఫై ఏళ్లు లారీ నడిపిన మనిషి. ఇప్పుడు నిజామాబాద్‌లో, బోధన్ రోడ్డు పక్కన మైదానంలో హెవీ లైసెన్సు కోసం వచ్చేవాళ్లకు బండి నేర్పుతున్నాడు. వాళ్లడిగేవన్నీ ఆయనకు కంఠతా వచ్చు. టెస్టులో ఎనిమిది ఎట్లా తిప్పాలి, ఈ లైసెన్సు దుబాయిలో నడుస్తుందా, అంతే. ఇట్లాంటిది ఎవరూ అడగలేదు. అదీ చేరి నాలుగు రోజులు కాని మనిషి.

"గదెందుకు నీకు?"

"ఊకెనే" అంది జ్యోతిరాణి.

ఊరికే అడిగిన మొహం కాదది. ముప్ఫై ఏళ్లుంటాయి. పొద్దంతా బీడీలు చుట్టి, సాయంత్రం నాలుగింటికి ఠంచనుగా వస్తుంది. నవ్వదు. ఎవరితో ముచ్చట పెట్టదు.

"క్లీనర్ సైడ్ కనబడది బిడ్డా. ఎడమ పక్క, ముందు టైరు కాడ. కావాల్నంటే ఎక్కి కూసొని సూడు."

"ఇప్పుడు కాదు. మంచిగ నడుపుడొచ్చినంక చూస్త."

ఆ మాట ఆయన మనసులో ముల్లులా దిగింది.

మర్నాడు ఆమె కాగితాలు తిరగేశాడు. కారు లైసెన్సు తీసుకుని సరిగ్గా ఏడాదయింది.

"కారున్నదా?"

"లేదు. గా లైసెన్సు తీసుకోని ఏడాది కాకుంటే హెవీ నేర్పరంట గద."

అంటే ఏడాది ముందే అన్నీ అనుకుని వచ్చిందన్నమాట.

"నేర్చుకోని ఎవరి బండి నడుపుతవ్?"

"ఎవరిదీ నడప."

హన్మాండ్లు ఉండబట్టలేక ఆఫీసులో కాగితాలు చూసే రాజేష్‌కు చెప్పాడు. "ఆమె వాలకం మంచిగ లేదురా."

రాజేష్ నవ్వాడు. "ఆడామె లారీ నేర్చుకుంటే నీకెందుకే కాకా అంత కడుపునొప్పి?"

కడుపునొప్పి కాదు, భయం. ఆమె నేర్చుకునే తీరు చూస్తే భయం. పది రోజుల్లో గేర్లు చేతికొచ్చాయి. పదిహేను రోజులకు రెండు డ్రమ్ముల మధ్య నుంచి రివర్స్ తీసింది. ఒక్కో అద్దంలో ఎంతమేర కనబడుతుందో నేల మీద సుద్దతో గీతలు గీయించుకుంది. ముప్ఫై ఏళ్లలో ఆయనే ఎన్నడూ గీసుకోలేదు.

ఒకరోజు రోడ్డు ప్రాక్టీసుకని రుద్రూర్ దాకా పోయారు. రెండు పక్కలా చెరుకు మనిషెత్తు దాటి ఉంది. ఊరి మలుపు దగ్గర జ్యోతిరాణి ఉన్నట్టుండి బ్రేకు వేసింది. ఇంజన్ ఆపేసింది.

"ఏమైంది?"

"ఇది మా అత్తగారి ఊరు."

"మీ ఆయన ఈడనే ఉంటడా?"

"ఆ. లారీ డ్రైవరే. ఇప్పుడు బంద్ చేసిండు."

"మరి నువ్వు?"

"మా అవ్వ కాడ. నాలుగేండ్లయింది ఆయనతోని మాట్లాడక."

"ఏం చేస్తడిప్పుడు?"

"ఏం చెయ్యడు. పొద్దస్తమానం ఇంటి ముందట, రోడ్డు పక్కన కూసుంటడు."

హన్మాండ్లు వెంటనే బండి తిప్పమన్నాడు. తిరిగొచ్చేదాకా ఆయన చెయ్యి హ్యాండ్ బ్రేకు మీది నుంచి కదల్లేదు.

టెస్టుకు ముందురోజు ఆమె దగ్గరికొచ్చి అడిగింది.

"సారూ, ఇప్పుడు నడుపుడు వచ్చినట్టేనా? నిజం చెప్పుండ్రి."

"వచ్చింది." అబద్ధమాడడానికి నోరు రాలేదు. "పదేండ్లు నడిపినోని లెక్క వచ్చింది."

"అయితే నేనెక్కి కూసుంట. మీరు క్లీనర్ సైడ్ టైరు ముందట కూసోండ్రి."

"కూసోవాల్నా?"

"నిలవడొద్దు. కూసోవాలె."

హన్మాండ్లు వెంటనే బండి తాళం తీసి జేబులో వేసుకున్నాడు. ఆమె అది చూస్తూనే ఎక్కి కూర్చుంది. ఆయన మోకాళ్లు పట్టుకుని, టైరుకు మూరెడు దూరంలో గొంతుక్కూర్చున్నాడు. తాళం తన దగ్గరే ఉన్నా మరోసారి జేబు తడిమి చూసుకున్నాడు.

"కూసున్నరా సారూ?"

"కూసున్న!"

"చెయ్యి ఊపుండ్రి."

ఊపాడు.

సీటు కిర్రుమంది. ముందుకు వంగినట్టుంది. అద్దాలు చూస్తున్నట్టుంది. ఇంకా వంగింది. చాలాసేపటికి వినబడింది.

"ఊపుతున్నరా?"

"ఊపుతనే ఉన్న!"

చెయ్యి నొప్పెట్టేదాకా ఊపాడు. హన్మాండ్లు లేచి, చుట్టు తిరిగి వెళ్లి తలుపు తీశాడు. జ్యోతిరాణి స్టీరింగ్‌కు నుదురు ఆనించి ఉంది. మెల్లగా దిగింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"రేపు టెస్టుకు రాను సారూ. లైసెన్సు నాకవసరం లేదు. నాకు కావాల్సింది దొరికింది."

"యాడికి పోతున్నవ్?"

"రుద్రూర్‌కు. ఆయన కాడికి."

నెల రోజులుగా అణచుకున్నదంతా హన్మాండ్లు గొంతులోకి తన్నుకొచ్చింది. రెండు చేతులూ చాపి దారికి అడ్డం నిలబడ్డాడు.

"నాకంత తెలుసు! ఆయన్ని సంపనీకే గీ బండి నేర్చుకున్నవ్. ఒక్క అడుగు ఎయ్యి, ఇప్పుడే పోలీసోళ్లకు ఫోన్ చేస్త!"

జ్యోతిరాణి ఆయన వైపు నిదానంగా చూసింది.

"'మన పాప బండి ముందట కూసోని ఆడుకుంటున్నది నాకు కనబడలేదే' అని నాలుగేండ్ల సంది ఏడుస్తున్న మనిషికి, ఆ సీట్ల కూసుంటే నాకు గూడ ఏం కనబడలేదని చెప్పనీకి పోతున్న సారూ."