ఏడో ఆట ఎవరి ఊళ్ళో?

బారులో లైల్ బల్ల మీద గుద్దిన గుద్దుకు బీరు గ్లాసులు ఎగిరిపడ్డాయి.

"దొంగ రూలు!" అని అరిచాడు. "సీజనంతా ఆడి వాళ్ళకంటే ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నాం. అయినా వాళ్ళే మనకంటే పైనట!"

ఐస్ హాకీ సీజన్ చివర కప్పు కోసం జరిగే ప్లేఆఫ్‌లో ఎవరితో ఎవరు ఆడాలో టీవీలో అప్పుడే చెప్పారు. తమ ఊరు పైన్ ఫోర్క్ జట్టుకు ప్రత్యర్థిగా డెల్‌రాయ్ పడింది. డెల్‌రాయ్ తన గుంపులో, అంటే తన డివిజన్‌లో, మొదటిది. పాయింట్లు తక్కువైనా డివిజన్ గెలిచిన జట్టుకే పై ర్యాంకు. ఏడు ఆటల సిరీస్ చివరిదాకా సాగితే, ఏడో ఆట పై ర్యాంకు వాళ్ళ ఊళ్ళోనే.

"వాళ్ళ డివిజన్ నిండా చవటలే!" అన్నాడొకడు.

"చవటల్లో మొనగాడికి మన నెత్తిన పీట వేస్తారా?" లైల్ పళ్ళు కొరికాడు.

కిటికీ పక్కన ఒంటరిగా కూర్చున్న ముసలాయన తల తిప్పాడు.

"రూలు సీజన్ మొదట్లోనే ఉంది కదా బాబూ. వెళ్ళి వాళ్ళ మంచు మీదే గెలవండి."

బారులో తలలన్నీ అటు తిరిగాయి.

"ఏ ఊరు పెద్దాయనా నీది?" లైల్ లేచాడు.

"ఇక్కడిది కాదు."

"అందుకే నీతులు చెబుతున్నావు. కడుపు మండేది మాకు. నీకు జరిగుంటే తెలిసేది!"

ముసలాయన మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

"ఇది కప్పు కొట్టిన ఊరు! మా నాన్న భుజాలెక్కి ఆ ఊరేగింపు చూశాను నేను."

"తెలుసు. ఆ ఏడాదీ రూలు ఇదే."

"అంటే? మా కప్పు రూలు వేసిన భిక్షంటావా?"

"అయ్యో, కాదు బాబూ. మీ వాళ్ళు బాగా ఆడారు. నేను..."

లైల్ గ్లాసులోని బీరు అతని మొహాన కొట్టాడు. ఇద్దరు రెక్కలు పట్టుకుని బయటికి నెట్టారు. కోటు వెనకాలే మంచులో పడింది.

"పోయి డెల్‌రాయ్‌లో తాగు!"

ముసలాయన తిట్టలేదు. గడ్డం తుడుచుకుని, కోటు దులుపుకుని కారెక్కాడు.

వంటగదిలోంచి వేడి బఠానీ సూపుతో వచ్చింది బారు యజమానురాలు ఇర్మా.

"అర్మాన్ ఏడి?"

"ఎవరు, ఆ ముసలోడా? గెంటేశాం పిన్నీ," అన్నాడు లైల్.

ఇర్మా గిన్నెను బల్ల మీద విసిరికొట్టినంత పని చేసింది.

"సిగ్గులేని వెధవల్లారా! మా ఆయన సమాధి మీద పూలు పెట్టడానికి అంత దూరం నుంచి వచ్చిన మనిషిరా! పొద్దుట్నుంచి మెతుకు ముట్టలేదు!"

లైల్ బయటికి పరిగెత్తాడు. రోడ్డు ఖాళీగా ఉంది.

తిరిగొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "ఎవరతను?"

"మా ఆయన గోలు కాసి మనకు కప్పు తెచ్చిన ఏడాది, మనకంటే ఎక్కువ పాయింట్లుండీ, ఇదే రూలు వల్ల ఏడో ఆట మన ఊళ్ళో ఆడి ఓడి, ఒక్క మాటనకుండా మన వాళ్ళందరికీ చేయి కలిపి వెళ్ళిన అవతలి జట్టు కెప్టెన్‌రా!"